సిరిగేరి కొట్టంలో ఎర్ర కారు

బళ్ళారి వెళ్ళొచ్చానని చెబితే మా చీరాల బజారులో అందరూ అడిగింది ఒకటే: "జీన్సు ఎంతకు పడ్డాయి?" అని. పడాల్సినంతకే పడ్డాయి. కానీ ఈసారి నేను వెళ్ళింది ప్యాంట్ల కోసం కాదు, కారు కోసం. అదీ మామూలు కారు కాదు. అమెరికా వాళ్ళు చేసే రెండు తలుపుల మజిల్ కారు. ముందుభాగం ఇంటి అరుగంత పొడుగు. వెనక సీటు మాత్రం మా కొట్టు కౌంటరు కింద సందంత. పెట్రోలు తాగడంలో దాన్ని మించింది లేదని విన్నాను. మూతి చూస్తే ఎవరినో కొట్టడానికి బయలుదేరినట్టు ఉంటుంది.

మాది మూడు తరాల బట్టల కొట్టు. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. బేరం రావడం వేరు, లాభం రావడం వేరు అని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ఆటోవాడితో అరగంట వాదించి పది రూపాయలు తగ్గించి, దిగాక చిల్లర లేదని ఆ పదీ అతనికే వదిలేసి వచ్చే ఘనుణ్ణి నేను.

యాభై దాటినవాడికి ఇలాంటి కారు ఎందుకని మీరు అడగొచ్చు. మా ఆవిడ విజయ అడిగింది. బైపాసు పక్కన మాకున్న స్థలం అమ్మితే వచ్చిన డబ్బు బ్యాంకులో ఉంది. నేను పొద్దస్తమానం ఫోనులో కార్లు చూస్తూ ఉన్నాను. చివరికి ఆవిడ తేల్చేసింది. "ఈ ఒక్క కారుకే వెళ్ళండి. ముప్పై ఎనిమిది లక్షలకి వస్తే తెచ్చుకోండి. రాకపోతే ఆ డబ్బుతో కొట్టు మీద ఇంకో అంతస్తు వేద్దాం. ఇక ఈ ఇంట్లో కారు మాట వినపడకూడదు."

అవతలివాళ్ళు అడుగుతున్నది నలభై రెండు. ఎక్కడో బళ్ళారి జిల్లాలో, సిరిగేరి అనే పల్లెలో, ఒక వరి రైతు ఇంట్లో ఉందట ఆ బండి. కొని ఏళ్ళు అవుతున్నా తిరిగింది ఆరు వేల చిల్లర కిలోమీటర్లే. తక్కువ తిరిగిన బండి అంటే నా బజారు బుర్రకి రెండే తోస్తాయి. మీటరైనా తిప్పి ఉండాలి, బండైనా చెడి ఉండాలి. ఆ రెంటిలో ఏది తేలినా నాలుగు లక్షలు దిగుతాయి కదా అని సంతోషంగా రైలెక్కాను.

బళ్ళారి

స్టేషను బయట ఒక తోపుడు బండి దగ్గర ఒగ్గరణి, మిర్చి తిన్నాను. ఒగ్గరణి అంటే నానబెట్టిన బొరుగులకి తాలింపు పెట్టి, పుట్నాల పొడి చల్లి ఇచ్చేది. ప్లేటు ముప్పై, మిర్చి రెండు పదిహేను. మా వైపు మిరపకాయ బజ్జీలో గింజ తీసి వాము కూరతారు. ఇక్కడ ఆ మొహమాటం లేదు. బండి నడిపే ఆవిడ నా కళ్ళ నీళ్ళు చూసి, "ఏందప్పా, అట్ల ఏడుస్తాండావు? ఊరు యాది వచ్చెనా?" అంది. పక్కనున్న నలుగురూ నవ్వారు. రెండు ప్లేట్లు తీసుకుంటే ఎంతకిస్తారని అడిగాను. "రెండు ప్లేట్ల లెక్కకే ఇస్తా" అంది. జిల్లాలో నా మొదటి బేరం అలా ముగిసింది.

కారు సంగతి నాకు చెప్పింది తిమ్మప్ప. జీన్సు కుట్టించి, ఉతికించి, మాలాంటి కొట్లకి పంపే మనిషి. ఇన్నేళ్ళుగా ఫోనులో తిట్టుకోవడమే తప్ప మేము ఎదురుపడింది తక్కువ. స్కూటరు మీద వచ్చి నన్ను ఎక్కించుకుని, తను సరుకు ఉతికించే చోటు ముందుగా చూపించాడు. కొత్త ప్యాంట్లను రాళ్ళతో కలిపి డ్రమ్ముల్లో తిప్పుతున్నారు. బయటికి తీసి మోకాళ్ళ దగ్గర ఇంకా రుద్దుతున్నారు. మనుషుల మోచేతుల దాకా నీలం.

"కొత్తదాన్ని ఇంత కష్టపడి పాతది చేస్తారా?" అన్నాను.

"పాతదానికే రేటు ఎక్కువ, సుబ్బప్పా. నువ్వు అమ్మేవాడివే గదా, నన్నడుగుతావు!"

నా పేరు సుబ్బారావు. ఆ జిల్లాలో అడుగు పెట్టినప్పటి నుంచి సుబ్బప్పనయ్యాను. మూడు రోజుల్లో ఎవరూ నన్ను 'గారు' అనలేదు. ఆ అప్పాలో గౌరవం ఉంది, భుజం మీద చెయ్యి కూడా ఉంది. మా 'గారు'లో చెయ్యి ఉండదు.

గాంధీనగర్

తిమ్మప్ప ఇల్లు గాంధీనగర్‌లో. వాళ్ళింట్లో గడప దాటితే తెలుగు, గేటు దాటితే కన్నడం. అతను ఫోనెత్తి కన్నడంలో మొదలుపెట్టి, కోపం వస్తే తెలుగులోకి దిగి, డబ్బు దగ్గరికి వచ్చేసరికి హిందీ కలిపేస్తాడు. అవతలివాళ్ళు కూడా అంతే. మధ్యలో ఎవరూ తడుముకోలేదు. రెండో భాషలో అప్పు అడిగినా కంగారు పడే నాబోటివాడికి ఇది పెద్ద విద్య.

భోజనంలో జొన్నరొట్టె, గుత్తి వంకాయ, గురెళ్ళ పొడి, అంటే మన వెర్రినువ్వుల పొడి. కాగితంలా పలచటి రొట్టె పొంగి, మళ్ళీ దిగి, కంచంలో మెత్తగా పడుతుంది. అన్నం చివర్లో ఒక గరిటె, మర్యాదకి. మా ఇంట్లో అన్నం మొదలూ, మధ్యా, చివరా కూడా.

"ఆ కారు రైతు యర్రిస్వామప్ప మంచోడు. కానీ నువ్వు ఆయప్ప దగ్గర జాస్తి మాట్లాడొద్దు" అన్నాడు తిమ్మప్ప.

మాట్లాడకుండా బేరం ఎలా అవుతుందో నాకు తెలీదు. తల ఊపాను.

సిరిగేరి దారి

మర్నాడు పొద్దున స్కూటరు మీద బయలుదేరాం. ఊరు దాటాక ఎండిన నల్లరేగడి, ఆ తర్వాత ఒక్కసారిగా కాలవ నీళ్ళు, పచ్చటి వరి. మా డెల్టాలో పుట్టినవాడికి వరి కొత్త కాదు. అయినా అంత ఎండిన నేల తర్వాత చూస్తే, కొట్టులో అడుగున పడిపోయిన మంచి పట్టు చీర దులిపి పరిచినట్టు అనిపించింది.

దారిలో స్పీడు బ్రేకర్లు చూసి భయపడ్డాను. ఒక్కొక్కటీ పడుకున్న దున్నపోతంత ఉంది. పొట్ట నేలకి జానెడు ఎత్తులో ఉండే ఆ కారు వీటిని ఎలా దాటుతుంది? దాటదు. అందుకే తిరగలేదు. మనసులో ఇంకో యాభై వేలు తగ్గించాను.

యర్రిస్వామి ఇంటికి రోడ్డు నుంచి సిమెంటు బాట ఉంది. చుట్టుపక్కల ఏ ఇంటికీ లేదు. "ఇది ఇంటికి వేసింది కాదప్పా. కారుకి వేసింది" అన్నాడు తిమ్మప్ప.

కొట్టం

యర్రిస్వామికి అరవై ఉంటాయి. సన్నటి మనిషి, పంచె మీద నడుముకి డాక్టరు బెల్టు. నడుము పాడైంది, ఆపరేషను అయింది, ఇక కింద కూర్చుని లేవకూడదన్నారట. ఆ కారు సీటు నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఆయన భార్య హంపమ్మ చెప్పింది: "ఎక్కేది తనే ఎక్కుతాడప్పా. దించేదానికి నేను లాగాల. మొన్న ఇద్దరమూ పడితిమి."

కారు ఉన్నది గ్యారేజీలో కాదు, ఎద్దుల కొట్టంలో. ట్రాక్టరు వచ్చాక ఎద్దులు పోయాయి. మేత వేసే రాతి తొట్టి ఇంకా అలాగే ఉంది. ఆ తొట్టికి మూతి ఆనించినట్టు నిలబడి ఉంది బండి. యర్రిస్వామి రెండు చేతులతో ముసుగు తీశాడు.

ఎరుపు. పండిన మిరపకాయ ఎరుపు. కొట్టం పైకప్పు సందుల్లోంచి పడ్డ ఎండ దాని వీపు మీద చారలుగా జారుతోంది. ఎంతో నచ్చింది. వెంటనే ముఖం చిట్లించాను.

ఇది మా ఇంటి చదువు. సరుకు నచ్చినకొద్దీ ముఖం మాడ్చుకోవాలి. మా నాన్న పట్టు చీరలు కొనడానికి వెళితే ఎవరో పోయినట్టు ఉండేవాడు. నేను కారు చుట్టూ తిరిగాను. రంగు వెలిసినట్టుందన్నాను. టైర్ల మీద వేలితో కొట్టి నిట్టూర్చాను. ఇన్నాళ్ళు నిలబడిన ఇంజను లోపల పట్టేసి ఉంటుందన్నాను. మీటరు మీద నమ్మకం లేదన్నాను. చివరగా బోనెట్ మీద చరిచి, "తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు అన్నట్టుంది వ్యవహారం. దీన్ని ఎవరు కొంటారండీ?" అన్నాను.

యర్రిస్వామి ముందుకొచ్చాడు. నా చెయ్యి ఉన్న చోట తన తువ్వాలుతో తుడిచాడు. ముసుగు మళ్ళీ కప్పి, అంచులు సర్దాడు.

"హంపీ, వీళ్ళకి అన్నం పెట్టు. కారు ఇచ్చేది లేదు."

నేను లోలోపల నవ్వుకున్నాను. ఈ ఎత్తు నాకు తెలుసు. గిరాకీ మరీ బిగిస్తే మేమూ చీర మడత పెట్టేస్తాం. అప్పుడు గిరాకీ లేచి గుమ్మం దాకా వెళుతుంది. గుమ్మం దగ్గర మేము వెనక్కి పిలుస్తాం. ఎవరు ముందు కదిలితే వాళ్ళు ఓడినట్టు.

"అన్నం వద్దులెండి, బస్సుకి టైమవుతోంది" అని ఆ సిమెంటు బాట మీద మెల్లగా, చాలా మెల్లగా నడిచాను.

బస్సు షెల్టరు

ఎవరూ పిలవలేదు.

షెల్టరులో కూర్చున్నాను. సిరుగుప్ప బస్సు వచ్చింది. ఎక్కలేదు. తర్వాత బళ్ళారి బస్సు వచ్చింది. అదీ ఎక్కలేదు. కూరగాయల గంపతో కూర్చున్న ఒక ముసలామె నన్ను చూసి, "ఏ బస్సు కావాలప్పా నీకు?" అని అడిగింది. నాకు కావలసినది బస్సు కాదని ఆవిడకి ఎలా చెప్పను? మా ఆవిడ వేయబోయే పై అంతస్తు కళ్ళ ముందు ఇటుక ఇటుకగా లేస్తోంది.

చాలాసేపటికి తిమ్మప్ప స్కూటరు వచ్చింది. త్రేన్చుతూ దిగాడు.

"ఏంది సుబ్బప్పా, అన్నం ముట్టకుండా వస్తివి! హంపమ్మక్క ఎంత బాధ పడె తెలుసా?"

"పిలుస్తారని చూస్తున్నా."

"ఎవరు?"

మా బజారు పద్ధతి మొత్తం చెప్పాను. అతను స్కూటరు పట్టుకుని వంగి వంగి నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు.

"ఆయప్ప చీర మడత పెట్టలేదప్పా. ఎద్దు మీద గోనె కప్పినాడు, నీ మాటలు దాని చెవిన పడకుండా."

అప్పుడు చెప్పాడు. వాళ్ళ ఇంట్లో ఎద్దును అమ్మేటప్పుడు కొట్టంలో ధర మాట్లాడరట. కొనేవాడు వచ్చి, ఎద్దు వీపు నిమిరి, బాగుందని చెప్పి బయటికి రావాలి. తప్పులు ఎన్నాలంటే కల్లం దాకా నడిచి అక్కడ ఎన్నాలి. ఎదురుగా నిలబడి తిడితే ఆ ఎద్దు కొత్త ఇంట్లో మేత ముట్టదని వాళ్ళ నమ్మకం. అలా తిట్టినవాడికి ఎంత ఇచ్చినా అమ్మరు.

"కారుకి చెవులు ఉంటాయా, తిమ్మప్పా?"

"నాకేమి తెలుసు? ఆ కొట్టంలో నిలబడినాది. ఆ తొట్టి ముందర ఉండాది. ఆయప్పకి అది ఎద్దే."

"ఇంత ముఖ్యమైన సంగతి ముందే చెప్పొచ్చుగా?"

"జాస్తి మాట్లాడొద్దు అంటిని గదా! ఎద్దు ముందర నిలబడి ఎద్దును తిట్టే మనిషి ఉంటాడని నాకు కలలోనన్నా తోచునా?"

మా బజారులో తిట్టకుండా కొన్న మనిషిని పిచ్చివాడంటాం. ఇన్నేళ్ళలో నేను ఒక సరుకుని దాని ముందే బాగుందని ఒప్పుకున్నది లేదు. విజయని చూడ్డానికి వెళ్ళినప్పుడు కూడా, కాఫీలో పంచదార తక్కువైందన్నానట. ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

మళ్ళీ కొట్టం

మూడో రోజు పొద్దున్నే వెళ్ళాం. గుమ్మంలో హంపమ్మ చేతులు నడుముకి పెట్టుకుని నిలబడింది.

"నిన్న తినకుండా పోయినావు. ఫస్టు తిను. మత్తె మాట్లాడు."

తిన్నాను. సజ్జరొట్టె, పుండికూర పప్పు, వెన్న. మా వైపు గోంగూర అని గొప్పలు పోయేదాన్నే వీళ్ళు పుండికూర అని ఏ గొప్పా లేకుండా వండుతారు. రుచిలో మాత్రం మనం వెనక్కి తగ్గాల్సిందే. ఆవిడ నాలుగో రొట్టె వేస్తుంటే కాదన్నాను. "నిన్నటిది" అని వేసేసింది.

యర్రిస్వామి దూరంగా మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను వెళ్ళి నిలబడ్డాను.

"నిన్న తప్పుగా మాట్లాడానండీ. మా బజారు అలవాటు. ఇంకొకసారి చూడనిస్తారా?"

"చూసేదానికి ఏముండాదిలే" అంటూనే లేచాడు.

ముసుగు తీశాడు. నేను వీపు నిమిరాను. "రంగు బాగుందండీ" అన్నాను. చీరలు అమ్మే గొంతే వచ్చింది. నాకే వినబుద్ధి కాలేదు. యర్రిస్వామి "ఊ" అని తాళంచెవి ఇచ్చాడు. చెవికి నల్లటి పేనిన తాడు ముక్క కట్టి ఉంది. "నడుపు" అన్నాడు. తను పక్క సీటులోకి దిగాడు. నిజంగా దిగాడు, బావిలోకి దిగినట్టు, తలుపు అంచు పట్టుకుని.

మీట నొక్కగానే కొట్టం కప్పు మీది పావురాలు లేచిపోయాయి. ఆ చప్పుడు చెవిలో కాదు, డొక్కలో వినపడింది. సిమెంటు బాట దాటి కాలవ రోడ్డెక్కాం. నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నడుములెత్తి చూశారు. ఒకామె, "యర్రిస్వామప్పా, డ్రైవరు కొత్తోడా? జీతమెంత?" అని కేక వేసింది. "ఇంకా మాట్లాడలేదు!" అని ఈయన తిరిగి కేక.

రోడ్డు ఖాళీగా ఉన్నచోట ఆయన నా మోకాలు మీద తట్టాడు. తొక్కమని. తొక్కాను. సీటు నా వీపుని వెనక నుంచి తోసింది. వరి రెండు పక్కలా పచ్చటి గీతలైపోయింది. ఆ తోపుకి నా ముఖం మీద చిట్లింపు, బజారు, ముప్పై ఎనిమిది లక్షలు, అన్నీ వెనక సీటు సందులో పడిపోయి ఉంటాయి. స్పీడు బ్రేకరు కనిపించి ఆపాను. నేను చెయ్యి పట్టి లాగితే యర్రిస్వామి దిగి, డిక్కీ తియ్యమన్నాడు. అందులో రెండు జతల ఏటవాలు చెక్కలు. వాటిని నా చేత బ్రేకరుకి ఇటూ అటూ వేయించి, ఆయన పక్కకి నిలబడి, "రా, రా, మెల్లగ" అని చెయ్యి ఊపుతూ దాటించాడు. కింద గీరుకోలేదు. ఇన్నేళ్ళూ ప్రతి బ్రేకరు దగ్గరా ఇలాగే దిగి ఎక్కేవాడట. నడుము పాడయిందంటే పాడవదా?

చెక్కలు తిరిగి పెడుతుంటే నా నోట్లోంచి వచ్చేసింది.

"దీన్ని ఇన్నేళ్ళు కొట్టంలో ఎలా ఆపి ఉంచారండీ? నేనైతే ఒక్క పూట ఉంచలేను."

ఆయన నా వైపు తిరిగి మొదటిసారి నవ్వాడు. "నేను ఉంచలేదప్పా. నా నడుము, ఈ రోడ్డు, నా పెండ్లాము, ముగ్గురూ కలిసి ఉంచిరి. ఇది పరిగెత్తాల. పరిగెత్తే ఇల్లు కావాల దీనికి."

కల్లం

కారుని కొట్టంలో పెట్టి, ముసుగు కప్పి, హంపమ్మతో సహా కల్లం దాకా నడిచాం. ఆయన ఒకసారి వెనక్కి తిరిగి దూరం చూసుకున్నాడు. చాలుననుకున్నాడేమో, గొంతు తగ్గించి మొదలుపెట్టాడు.

"ఇప్పుడు తప్పులు చెప్తా, విను. వెనక టైర్లు గట్టిపడినాయి, మార్చాల. కింద ఎడమ పక్క గీత ఉండాది, మొదటి నెలలో బ్రేకరు మీద పడింది. బ్యాటరీ మార్చినా. ఏసీ కొంచెం సద్దు చేస్తాది. మీటరు బరాబర్ ఉండాది, సర్వీసు కాగితాలు చూసుకో."

ముందు రోజు నేను చీకట్లో రాళ్ళు వేసినవాణ్ణి. టైర్లు ఒక్కటి తప్ప ఏదీ తగల్లేదు. అసలు తప్పులన్నీ ఆయనే చేతిలో పెట్టాడు. వీటితో నేను ముప్పై రెండు దగ్గర మొదలుపెట్టొచ్చు. నోరు కూడా తెరిచాను. కానీ వచ్చింది వేరే.

"నా దగ్గర ముప్పై ఎనిమిది ఉందండీ. మా ఆవిడ గీసిన గీత. అది దాటితే ఇంట్లోకి రానివ్వదు."

ఆయన హంపమ్మ వైపు చూశాడు. ధర గురించి ఆవిడ ఒక్క ముక్క అడగలేదు.

"యాడ నిలబెడ్తావప్పా దాన్ని?"

"కొట్టు వెనక షెడ్డు ఉందమ్మా."

"నీడ ఉండాదా?"

"ఉంది. కొబ్బరి చెట్టు మాత్రం ఒకటుంది, కొట్టించేస్తాను."

"చెట్టు కొట్టేది బేడ, వద్దప్పా. కాయలు దించుకో, సాలు. మీ ఊళ్ళో బ్రేకర్లు?"

"ఉన్నాయమ్మా. చెక్కలు వేసుకుంటాను."

ఆవిడ మొగుడి వైపు తల ఊపింది. అయిపోయింది. నా జీవితంలో అతి పెద్ద బేరం నడిపింది ఆవిడ, నేను కాదు.

డబ్బు, కాగితాల పనులు ముగిశాక యర్రిస్వామి తాళంచెవికున్న తాడు ముడి విప్పాడు. చివరి జత ఎద్దుల పలుపు నుంచి పేనిన ముక్క అది. "పలుపు ఇయ్యము మేము. ఇంటిదాన్ని ఇంట్లోనే పెట్టుకుంటాము" అని తాడు జేబులో వేసుకుని, ఉత్త చెవి నా చేతిలో పెట్టాడు. తర్వాత అయిదు వేలు తీసి నా చొక్కా జేబులో కుక్కాడు.

"ఇదేంటండీ?"

"మేతకి. ఉత్త కడుపుతో పంపించేది లేదు."

నా జన్మలో ఎదురు డబ్బు తీసుకోవడం అదే మొదటిసారి. సిరుగుప్ప బంకులో అంతా దానికే తాగించాను. బయలుదేరేటప్పుడు హంపమ్మ చెయ్యి పెట్టి దాని మూతి నిమిరింది. యర్రిస్వామి మాత్రం బయటికి రాలేదు. అద్దంలో చూస్తే ఖాళీ కొట్టంలో, తొట్టి దగ్గర నిలబడి కనిపించాడు.

చీరాల

ఇంటికి చేరాక విజయ చుట్టూ తిరిగి చూసి, "ముప్పై ఎనిమిది లోపే తెచ్చారా? నిజంగా?" అంది. అయిదు వేలు తక్కువకే తెచ్చానన్నాను. ఎలా తగ్గించారని అడిగితే, "నోరు మూసుకుని" అన్నాను. నమ్మలేదు.

సాయంత్రానికి ఎదురు కొట్టు స్టీలు సామాన్ల రంగయ్య వచ్చాడు. మా బజారు మనిషి కదా, కారుని చూడగానే ముఖం మాడ్చుకున్నాడు. టైరు మీద వేలితో కొట్టాడు. నిట్టూర్చాడు.

"ఎంత పోశావేంటి, సుబ్బారావూ? నా మాట విను, ఈ వెనక టైర్లు..."

నేను గబుక్కున అతని మోచెయ్యి పట్టుకున్నాను.

"ఇక్కడ కాదు. రా."

"ఎక్కడికి?"

రోడ్డు దాటించి, సందు చివర టీ బంకు దాకా లాక్కుపోయి బల్ల మీద కూర్చోబెట్టాను. వెనక్కి తిరిగి దూరం చూసుకున్నాను.

"ఆ, ఇప్పుడు చెప్పు."

రంగయ్య నన్ను పైనుంచి కింద దాకా చూశాడు. తర్వాత తీరిగ్గా చెప్పాడు. టైర్లు, పెట్రోలు, మా రోడ్లు, నా వయసు, నా బుద్ధి. ఒక్కటీ కాదనలేదు. టీ డబ్బులు మాత్రం అతని చేతే ఇప్పించాను.